అద్దాల గొట్టంలో రంగుల పువ్వు – మూడో పాఠం: కోణం కుదిర్చేదెలా?

కన్ను పెట్టి చూస్తే రంగుల పువ్వు కనిపించే అద్దాల గొట్టాన్ని, అంటే కలైడోస్కోప్‌ను, తయారుచేస్తున్నాం కదా. పోయిన పాఠంలో రెండు అద్దాలను పుస్తకం అట్టల్లా టేపుతో అతికించి నిలబెట్టాం. మధ్యలో ఒక గుండీ పెట్టి, అద్దాలను మూస్తూ తెరుస్తూ ఎన్ని గుండీలు కనిపిస్తాయో లెక్కపెట్టాం. అసలు గుండీతో కలిపి 90 డిగ్రీల దగ్గర నాలుగు, 60 దగ్గర ఆరు, 45 దగ్గర ఎనిమిది వచ్చాయి. 360ని కోణంతో భాగిస్తే వచ్చే సంఖ్య అదే. ఆఖర్లో మీకొక పని అప్పగించాను: అద్దాలను 72 డిగ్రీల దగ్గర ఉంచి, గుండీ తీసేసి, అక్కడ ఏటవాలు గీత గీసిన కాగితం పరచి చూడమని. 360ని 72తో భాగిస్తే 5. మరి ఐదు రేకుల పువ్వు కుదిరిందా?

కుదరదు. ముందువైపు అంతా బాగానే ఉంటుంది. వెనకవైపు, సరిగ్గా అద్దాల కీలుకు అవతల, గీతలు కలవకుండా తెగిపోతాయి. తల కాస్త అటూ ఇటూ జరిపి చూడండి, ఆ తెగిన చోటు కూడా మీతో పాటే జరుగుతుంది. ఈ పాఠం మొత్తానికి ఆయువుపట్టు ఇదే కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం.

అద్దంలో ఒకసారి పడిన బొమ్మ తిరగబడుతుంది. ఆ తిరగబడిన బొమ్మ రెండో అద్దంలో మళ్లీ పడితే తిన్నగా అవుతుంది, ఇంకోసారి పడితే మళ్లీ తిరగబడుతుంది. అంటే గుండ్రంగా కనిపించే బొమ్మలో పక్కపక్కన ఉన్న ముక్కల్లో ఒకటి తిన్ననిది, ఒకటి తిరగబడినది. అలా ఉన్నప్పుడే ఒకదాని అంచు గీత పక్కదాని అంచు గీతను కలుస్తుంది. ఎర్ర పూస, తెల్ల పూస ఒకటి విడిచి ఒకటి గుచ్చి గుండ్రంగా ముడివేయాలంటే ఐదు పూసలతో సాధ్యమా? ఎక్కడో ఒకచోట ఒకే రంగు పూసలు రెండు పక్కపక్కనే వస్తాయి. 72 డిగ్రీల దగ్గర జరిగేది అదే. అందుకే 360ని కోణంతో భాగిస్తే సరి సంఖ్య రావాలి: 6, 8, 10, 12.

కోణం ఎంచుకోవడం ఒక ఎత్తు, దాన్ని కచ్చితంగా నిలబెట్టడం మరో ఎత్తు. 60 ఉండాల్సింది 61 అయిందనుకోండి. ఆరు ముక్కలకు 366 డిగ్రీలు కావాలి, ఉన్న చోటేమో 360. మిగిలిన 6 డిగ్రీల బొమ్మ వెనక అతుకులో మాయమైపోతుంది. ఒక్క డిగ్రీ పొరపాటు ఆరింతలవుతుంది.

కలైడోస్కోప్‌ను కనిపెట్టిన స్కాట్లాండ్ శాస్త్రవేత్త డేవిడ్ బ్రూస్టర్ 1817లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. అందమైన రూపాలను చూపేది అనే అర్థం వచ్చేలా గ్రీకు మాటలు కలిపి ఆ పేరు పెట్టిందీ ఆయనే. చూస్తుండగానే నకళ్లు పుట్టుకొచ్చాయి, జనం ఎగబడి కొన్నారు. అమ్ముడైన వాటిలో శాస్త్రప్రకారం తయారైనవి చాలా తక్కువని ఆయన బాధపడ్డాడు. ఆ బాధ నాకు బాగా అర్థమవుతుంది. కోణం తప్పిన గొట్టంలో రంగులు కనిపిస్తాయి గానీ పువ్వు విచ్చుకోదు.

ఇక పనిలోకి దిగుదాం. 20 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న అద్దపు పట్టీలు రెండు కావాలి. వాటిని అద్దాలు కోసే వాళ్ల చేతనే కోయించి అంచులు నూరించండి, ఇంట్లో కోసే ప్రయత్నం వద్దు. మెరిసే ప్లాస్టిక్ షీటు వాడొచ్చు గానీ అది కాస్త వంగినా బొమ్మలు సాగిపోతాయి. దాన్ని గట్టి అట్టకు అతికించి వాడండి.

మూడో వైపుకు మెరుపు లేని నల్ల అట్ట. కోణమానిని లేకుండా కోణం కుదిర్చేది ఈ అట్టే, దాని వెడల్పులోనే కిటుకంతా ఉంది. అట్ట కూడా 4 సెంటీమీటర్లుంటే మూడు భుజాలూ సమానం కాబట్టి అద్దాల మధ్య కోణం దానంతటదే 60 అవుతుంది. 3.1 సెంటీమీటర్లుంటే 45, అంటే ఎనిమిది ముక్కలు. 2.5 ఉంటే 36, పది ముక్కలు. 2.1 ఉంటే 30, పన్నెండు. మొదటిసారి చేసేవాళ్లు 60తోనే మొదలుపెట్టండి. కోణం తగ్గేకొద్దీ ముక్కలు పెరుగుతాయి, తప్పులూ పెరుగుతాయి.

అద్దాల మెరిసే వైపు కిందకు ఉండేలా మూడు పట్టీలనూ మెత్తని గుడ్డ మీద పక్కపక్కన పరచండి. వాటి మధ్య సందు ఉంచడం మరచిపోవద్దు. 3 మిల్లీమీటర్ల మందం గాజైతే రెండు అద్దాల మధ్య 5 మిల్లీమీటర్లు, అద్దానికీ అట్టకూ మధ్య 3. సందు లేకుండా టేపు వేస్తే మడిచేటప్పుడు లోపలి అంచులు ఢీకొని కోణం పాడవుతుంది. అడ్డంగా మూడు చోట్ల టేపు వేసి, పైకెత్తి ముక్కోణపు గొట్టంలా మడిచి, బయట గట్టిగా చుట్టండి.

లోపలికి చూస్తే రెండు అద్దాలు కలిసే చోట సన్నని నల్ల చార కనిపిస్తుంది. అది మీ తప్పు కాదు. మామూలు అద్దానికి పూత గాజు వెనక ఉంటుంది, కాబట్టి మెరిసే తలాలు రెండూ ఒకదాన్నొకటి తాకలేవు. పెన్సిల్ మొనను అద్దానికి ఆనించి చూడండి: మొనకూ దాని ప్రతిబింబానికీ మధ్య ఖాళీ కనిపిస్తే పూత వెనక ఉన్నట్టు. ముందువైపే పూత ఉన్న అద్దాలు దొరికితే ఆ చార పోతుంది, కానీ వాటిని వేలితో తుడిచినా గీతలు పడతాయి.

ఒక చివర అట్టతో మూసి, కన్ను పెట్టడానికి 8 మిల్లీమీటర్ల రంధ్రం చేయండి. అది నడిమధ్యన కాదు, అద్దాలు రెండూ కలిసే మూలకు వీలైనంత దగ్గరగా ఉండాలి. కన్ను ఆ మూలకు దగ్గరైతేనే ముక్కలన్నీ సమంగా వెలిగి, పువ్వు గుండ్రంగా వస్తుంది. చూడాల్సిన వస్తువేమో అవతలి చివర అద్దాల అంచులను తాకుతూ ఉండాలి. అది ఒక వేలెడు దూరం జరిగినా రేకుల మధ్య అతుకులు విడిపోతాయి.

రంగుల పూసలు నింపే ముందు పరీక్ష. కాగితం మీద చిన్నగా 'జ' అని రాసి, చివర ఆనించి, వెలుతురు పడేలా పట్టుకోండి. సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ తిప్పకండి. ఆరు 'జ'లు కనిపించాలి: తిరగబడినవి మూడు, తిన్నగా ఉన్నవి (చక్రంలా పక్కకు తిరిగి ఉన్నా సరే) మూడు. అసలు అక్షరానికి సరిగ్గా ఎదురుగా ఉన్నది మూడుసార్లు ప్రతిఫలించి వచ్చింది కాబట్టి మిగతావాటికన్నా మసకగా ఉంటుంది. అద్దం ప్రతిసారీ నూటికి 90 పాళ్ల వెలుగునే తిప్పి పంపుతుందనుకుంటే, మూడోసారికి మిగిలేది 73 పాళ్లే.

ఎదురుగా ఉన్న ఆ 'జ' నిలువునా చీలినట్టుంటే టేపు విప్పి మళ్లీ కట్టండి. నాకు రెండుసార్లకు తక్కువ ఎప్పుడూ కుదరలేదు.

వచ్చే పాఠానికి అదే కొలతలో మూడో అద్దపు పట్టీ సిద్ధం చేసుకోండి. నల్ల అట్ట తీసి దాన్ని పెడతాం. ఈలోగా ఒక ప్రశ్న: మూడు మూలల్లోనూ 60 డిగ్రీలే ఉంటే, పువ్వు ఎక్కడ ఆగుతుంది?