బిడ్డకు ఆరో వారం టీకా, తల్లికి షుగర్ పరీక్ష

కాన్పయింది, మాయ బయటికొచ్చింది, ఒకటి రెండు రోజుల్లో షుగర్ మామూలుకొచ్చేసింది. 'హమ్మయ్య, పోయింది' అని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. గర్భంలో షుగర్ వచ్చినవాళ్లు అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడి నుంచే. మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ను సరిగా పని చేయనివ్వవు. దానికి తగ్గట్టు ఇంకాస్త ఇన్సులిన్ తయారుచేయడం మీ క్లోమం వల్ల కాలేదు కాబట్టే షుగర్ పెరిగింది. మాయ పోయింది గానీ, క్లోమం పాతదే కదా! అందుకే తర్వాతి ఏళ్లలో టైప్ 2 షుగర్ వచ్చే అవకాశం మిగతా తల్లులకంటే 7 నుంచి 10 రెట్లు ఎక్కువ. గుండెపోటు, పక్షవాతం లాంటి జబ్బుల ముప్పు దాదాపు రెండింతలు. షుగర్ మళ్లీ రానివాళ్లకు కూడా గుండె ముప్పు కొంత ఉంటుంది.

కాన్పయిన 6 వారాలకు గ్లూకోజ్ తాగి చేసే పరీక్ష చేయించుకోవాలి. ఆలస్యమైనా 12 వారాలు దాటనివ్వకండి. చాలామంది తప్పేది ఇక్కడే. అప్పటికి పుట్టింట్లో ఉంటారు, నిద్ర ఉండదు, ఇంట్లో ధ్యాసంతా బిడ్డమీదే. అయితే బిడ్డ ఆరో వారం టీకా మాత్రం ఎవరూ మరిచిపోరు. తల్లీబిడ్డల కార్డులో ఆ తేదీ పక్కనే 'అమ్మకు షుగర్ పరీక్ష' అని రాసి పెట్టండి. ఒకే రోజు కుదరకపోతే ఆ వారంలోనే వెళ్లండి.

ముందు రోజు రాత్రి తిన్నాక కనీసం 8 గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదు. పరగడుపున ఒకసారి రక్తం తీసి, 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లు తాగించి, 2 గంటల తర్వాత మళ్లీ తీస్తారు. ఈలోగా బిడ్డకు పాలివ్వచ్చు. ఎత్తుకోవడానికి అమ్మనో, అత్తగారినో వెంట తీసుకెళ్లండి. పరగడుపు షుగర్ ఒక్కటే చూసి సరిపెట్టుకోవద్దు, అది బాగుండి రెండో అంకె పెరిగినవాళ్లు మనలో చాలామందే. కాన్పులో రక్తం పోతుంది కాబట్టి మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్షను (HbA1c) కూడా అప్పుడే నమ్మలేం.

పరగడుపున 100 లోపు, తాగాక 140 లోపు ఉంటే మంచిది. పరగడుపున 126 గానీ, తాగాక 200 గానీ, అంతకు మించి గానీ ఉంటే షుగర్ ఉన్నట్టే, డాక్టర్ మరోసారి చూసి నిర్ధారిస్తారు. మధ్యలో ఉంటే భయపడకండి, చేయగలిగింది ఎక్కువున్నది అక్కడే. అమెరికాలో జరిగిన పెద్ద పరిశోధనలో ఇలాంటి స్త్రీలు తిండి, నడక మార్చుకున్నా, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వేసుకున్నా, షుగర్‌గా మారడం 3 ఏళ్లలో దాదాపు సగానికి తగ్గింది. అంతా మామూలుగా ఉన్నా ఏటా పరీక్ష మానకండి. దాంతోపాటు బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకోండి. నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటకుండా చూసుకోండి. గర్భంలో బీపీ కూడా వచ్చి ఉంటే ఇంకాస్త గట్టిగా పట్టించుకోవాలి.

ఇక పథ్యం సంగతి. బాలింతకు కూరలు మాన్పించి, తెల్లన్నం, నెయ్యి, కారప్పొడి, పైన సున్నుండలు పెట్టడం నాకు నచ్చదు. పెద్దవాళ్లతో గొడవ అక్కర్లేదు, అన్నం కాస్త తగ్గించి పప్పు, గుడ్డు, ఆకుకూర పెట్టమని అడగండి. బెల్లమైనా చక్కెరైనా రక్తంలో ఒకటే. అలాగని పాలిచ్చే తల్లి కడుపు మాడ్చుకోకూడదు. పాలివ్వడం మీ షుగర్‌కూ మేలే. డాక్టర్ సరేనన్నాక వారానికి 150 నిమిషాల నడకకు మెల్లగా చేరుకోండి.

మళ్లీ బిడ్డ కావాలనుకుంటే గర్భం రాకముందే షుగర్ చూపించుకోండి. బిడ్డ అవయవాలు ఏర్పడే తొలి వారాల్లో షుగర్ ఎక్కువుంటే ప్రమాదం.

నలభైల్లో బీపీకో, ఛాతీలో బరువుకో డాక్టర్ దగ్గరికెళ్తే ఎప్పుడో జరిగిన కాన్పు గురించి ఆయన అడగకపోవచ్చు. మీరే చెప్పండి, పాత రిపోర్టు ఉంటే చూపించండి. ఛాతీ పట్టేసినట్టున్నా, ఆయాసం, చల్లని చెమటలు పట్టినా గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.