అమెరికాలో డిగ్రీకి వెళ్తున్నారా, మీ తెలుగుని ఇంట్లో వదిలేసి వెళ్ళకండి

ఇంటర్ అవ్వగానే అమెరికాలో బ్యాచిలర్స్‌కి వెళ్ళే పిల్లలు ఇప్పుడు మన భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు నుంచి కూడా కనిపిస్తున్నారు. నాకు తెలిసినవాళ్ళంతా అప్పట్లో ఇక్కడ బీటెక్ చేసి ఎమ్మెస్‌కే వెళ్ళారు, వాళ్ళకి ఈ గొడవ దాదాపు ఉండదు. బ్యాచిలర్స్‌కి వెళ్ళేవాళ్ళకి మాత్రం చాలా యూనివర్సిటీల్లో ఫారిన్ లాంగ్వేజ్ రిక్వైర్‌మెంట్ అని ఒకటుంటుంది, దాని గురించి మనకి ముందు చెప్పేవాళ్ళు లేరు, నాకైతే మూడో సంవత్సరం చివర్లో తెలిసింది. మీకలా జరక్కూడదనే ఇది రాస్తున్నాను, కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు రెండు అపోహలు వదిలించుకోవాలి. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ రాశాం కదా లాంగ్వేజ్ అయిపోయింది అనుకోవద్దు, అవి మీకు ఇంగ్లీషు వచ్చని చూపించే పరీక్షలు, ఇది ఇంగ్లీషు కాకుండా ఇంకో భాష వచ్చని చూపించమనే రూలు. నేను వెళ్ళేముందు ఒక కన్సల్టెన్సీలో అడిగితే ఐఈఎల్‌టీఎస్ ఉంది కదా ఇంకేం అక్కర్లేదు అన్నారు, నేనూ నమ్మేశాను. రెండోది, ప్లేస్‌మెంట్ అనగానే మన కాలేజీల్లో క్యాంపస్ ఉద్యోగాలే గుర్తొస్తాయి, అక్కడి యూనివర్సిటీల్లో ప్లేస్‌మెంట్ టెస్ట్ అంటే మీకు ఆ భాష ఎంతవరకు వచ్చో చూసి ఏ క్లాసులో కూర్చోబెట్టాలో తేల్చే పరీక్ష. మన కాలవల మీద లాకులు చూశారు కదా, పడవ లోపలికొచ్చాక నీళ్ళు ఎంత ఎత్తులో ఉన్నాయో సరిచేసి అప్పుడు అవతలి తలుపు తీస్తారు, అలాంటిదే ఇది. ఇందులో పాస్, ఫెయిల్ ఉండవు.

ఇప్పుడు అసలు రూలు. యూనివర్సిటీ మొత్తానికి ఒకే రూలు ఉండాలని లేదు, అందులో మీరు చేరే కాలేజీని బట్టి, డిగ్రీని బట్టి మారుతుంది. ఇంజనీరింగ్ కాలేజీల్లో సాధారణంగా ఉండదు. ఆర్ట్స్ అండ్ సైన్సెస్ కాలేజీల్లో మాత్రం రెండు సెమిస్టర్లో, మూడో, నాలుగో అడుగుతారు, బీఎస్ కన్నా బీఏకి ఎక్కువ అడగడం మామూలు. ఒకే క్యాంపస్‌లో కంప్యూటర్ సైన్స్ ఇంజనీరింగ్ కాలేజీలో ఉంటే ఒక రూలు, ఆర్ట్స్ అండ్ సైన్సెస్‌లో ఉంటే ఇంకో రూలు కూడా ఉండొచ్చు, కాబట్టి మీ అడ్మిషన్ లెటర్ మీద కాలేజీ పేరు ఏముందో చూసుకుని, మీరు చేరే సంవత్సరం కేటలాగ్, అంటే యూనివర్సిటీ రూల్సూ కోర్సులూ ఉండే పుస్తకం, తెరిచి ఆ డిగ్రీ కింద చదవండి. సీనియర్ చెప్పాడని ఊరుకోకండి, అతను చేరిన సంవత్సరం రూలు వేరే కావచ్చు. పైతాన్, జావా లాంగ్వేజీలే కదా అవి లెక్కలోకి రావా అని ఒక తమ్ముడు అడిగాడు, రావు, మనుషుల భాషే కావాలి. సైన్ లాంగ్వేజ్‌ని మాత్రం చాలా యూనివర్సిటీలు ఒప్పుకుంటాయి.

నా సంగతి చెప్తాను. నాది ఎకనామిక్స్ బీఏ. ప్రతి సెమిస్టర్ డిగ్రీ ఆడిట్ అని ఒక పేజీ వస్తుంది, ఏవి పూర్తయ్యాయో ఏవి మిగిలాయో అందులో ఉంటాయి, నేను దాన్ని పెద్దగా చూసేవాణ్ణి కాదు. ఆరో సెమిస్టర్‌లో అడ్వైజర్, అంటే మన కోర్సుల లెక్క చూసే ఆవిడ, పిలిచి లాంగ్వేజ్ గడి ఖాళీగా ఉంది, నాలుగు సెమిస్టర్లు కావాలి అంది. నాకు మిగిలింది రెండే. భాష కోర్సులు ఒకదాని తర్వాత ఒకటి వరసలో చెయ్యాలి, 101 అవ్వకుండా 102 ఇవ్వరు, 102 అవ్వకుండా 201 ఇవ్వరు, రెండు కలిపి ఒకేసారి చేసేద్దామంటే కుదరదు. అంటే ఇంకో ఏడాది ఉండాలి, ఇంకో ఏడాది ఫీజు కట్టాలి. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి నాన్నతో ఎలా చెప్పాలో తెలీక చెప్పకుండానే పెట్టేశాను. మర్నాడు అడ్వైజరే అడిగింది, మీ ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అని. మూడేళ్ళలో నాకా ఆలోచనే రాలేదు, తెలుగు కూడా వాళ్ళకి ఫారిన్ లాంగ్వేజే అని.

మీరు మొదట పట్టుకోవాల్సింది ఇదే. ఇంగ్లీషు మాతృభాష కాని ఇంటర్నేషనల్ స్టూడెంట్స్‌కి చాలా యూనివర్సిటీలు మినహాయింపు ఇస్తాయి, వాళ్ళు వేవర్ అంటారు. కానీ అది దానంతట అది రాదు, మనం అడగాలి, కాగితాలు చూపించాలి. కొన్నిచోట్ల స్కూల్లో ఆ భాష చదివిన మార్కుల మెమో చాలు, కొన్నిచోట్ల హైస్కూల్ చదువే ఇంగ్లీషు కాని మీడియంలో జరిగుండాలి అంటారు, కొన్నిచోట్ల పరీక్ష రాయమంటారు. తెలుగు మీడియంలో చదివినవాళ్ళు ఈ విషయంలో అదృష్టవంతులు, మీడియం తక్కువని బాధపడిన పిల్లలు చాలామంది నాకు తెలుసు, ఆ మీడియమే ఇక్కడ మీకు సెమిస్టర్లు మిగులుస్తుంది. కాబట్టి ఊరు దాటేలోపు పది మెమో, ఇంటర్ మెమో, మీడియం ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్ సర్టిఫికెట్ మూడూ రెడీ చేసుకోండి. సర్టిఫికెట్ స్కూలు లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో ఉండాలి, హెడ్మాస్టర్ గారి సంతకం, రౌండ్ సీలు ఉండాలి, ఏ క్లాసు నుంచి ఏ క్లాసు దాకా ఏ మీడియమో స్పష్టంగా ఉండాలి. వేసవి సెలవుల్లో స్కూల్లో క్లర్కు దొరకడం కష్టం, ఏప్రిల్‌లోనే వెళ్ళండి. నా మెమోలు మా ఇంట్లో బీరువాలో పెళ్ళి ఆల్బమ్‌ల కింద దొరికాయి, అమ్మ రెండ్రోజులు వెతికింది.

ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం తీసుకున్నవాళ్ళు కాస్త జాగ్రత్త. మార్కుల కోసం తీసుకుని దేవనాగరి అక్షరాలు కూడా సరిగ్గా రాకుండా తొంభై తొమ్మిది తెచ్చుకున్నవాళ్ళున్నారు, ఆ మెమో చూపించి సంస్కృతం వచ్చు అంటే అక్కడ పరీక్ష పెడితే మొదటి పేజీలోనే ఆగిపోతారు. ఇంటర్‌కి వెళ్ళబోయే చెల్లెళ్ళకీ తమ్ముళ్ళకీ నా సలహా, తెలుగే తీసుకోండి. నాలుగైదు మార్కులు తగ్గితే తగ్గనీయండి, అది మీ నోట్లో ఉన్న భాష, ఎక్కడ పరీక్ష పెట్టినా నిలబడుతుంది.

కాగితాలు ఒప్పుకోకపోతే పరీక్ష. నేను ఆరో క్లాసు నుంచి ఇంగ్లీషు మీడియం, అందుకే నాకు పరీక్ష తప్పలేదు. ఆ యూనివర్సిటీలో తెలుగు చెప్పే ప్రొఫెసర్ ఉంటే ఆయనే చూసేస్తారు, బర్కిలీ, పెన్సిల్వేనియా, ఆస్టిన్ లాంటి చోట్ల తెలుగు నేర్పారు, విస్కాన్సిన్ యూనివర్సిటీ మేడిసన్‌లో వెల్చేరు నారాయణరావు గారు దశాబ్దాల పాటు తెలుగు చెప్పారు. మీ దగ్గర తెలుగు లేకపోతే బయటి పరీక్ష రాయిస్తారు, చాలాచోట్ల ఫీజు మనదే. ఆక్ట్‌ఫుల్ అనే సంస్థ స్కేలు ఎక్కువ వాడతారు, అందులో నోవిస్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్, సుపీరియర్, డిస్టింగ్విష్‌డ్ అని ఐదు మెట్లు, మొదటి మూడింట్లో మళ్ళీ లో, మిడ్, హై అని ఉంటాయి. వాళ్ళ మౌఖిక పరీక్ష తెలుగులో కూడా ఉంది, పదిహేను నిమిషాల నుంచి అరగంట దాకా మాట్లాడిస్తారు. అవాంట్ అనే ఇంకో సంస్థ పెట్టే స్టాంప్ పరీక్షల్లో కూడా తెలుగు ఉంది, అందులో రాయాలి, మాట్లాడాలి.

నాకు పడింది ఆక్ట్‌ఫుల్ మౌఖిక పరీక్ష, తెలుగు నాకు రాకపోవడమేంటి అని ధీమాగా కూర్చున్నాను. ఫోన్లో మొదట మీ ఊరు, మీ ఇల్లు, పొద్దున్న లేచి ఏం చేస్తారు అని తేలిగ్గా మొదలైంది. నేను మార్నింగ్ లేచి బ్రష్ చేసి టిఫిన్ చేసి కాలేజ్‌కి స్టార్ట్ అయ్యేవాణ్ణి అన్నాను, అలా అనేశాక గానీ తెలీలేదు ఆ వాక్యంలో తెలుగు ఎంత తక్కువుందో. తర్వాత మీ ఊళ్ళో జరిగిన ఒక సంఘటన మొదట్నుంచీ చెప్పండి అన్నారు. మా ఊరు ఆచంట పక్కన, వశిష్ఠ గోదారి ఏటిగట్టు కింద. చిన్నప్పుడు వరదల్లో ఒక రాత్రి గట్టు మీద నీరు ఊరుతోందని కేక వేస్తే ఊళ్ళో మగాళ్ళంతా ఇసక బస్తాలు మోసుకుని పరిగెత్తారు, అమ్మమ్మ నన్ను అటక మీద కూర్చోబెట్టి బియ్యం డబ్బా పక్కన లాంతరు పెట్టింది, అది చెప్పడం మొదలెట్టాక ఇంక ఇంగ్లీషు ముక్క రాలేదు. గట్టు, గండి, లంక, పంటు, ఊట, అన్నీ వాటంతటవే వచ్చాయి. చివర్లో పరీక్ష చేసే ఆవిడ అడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది, ఆ రాత్రి గండి పడి ఉంటే మీ ఊరి పరిస్థితి ఏమయ్యేది, గట్లు కట్టడానికి డబ్బు పెట్టాలా, ఊళ్ళు ఖాళీ చేయించాలా, మీ అభిప్రాయం ఎందుకో చెప్పండి అని. అక్కడ తడబడ్డాను. పరీక్ష పని అదే, మీరు రోజువారీ మాటల దగ్గర ఆగిపోతారా, జరిగిన కథ వరసగా చెప్పగలరా, జరగనిదాన్ని ఊహించి వాదించగలరా అని ఒక్కో మెట్టూ ఎక్కించి చూస్తారు. నాకు అడ్వాన్స్‌డ్ మిడ్ వచ్చింది, రిక్వైర్‌మెంట్‌కి అది సరిపోయింది.

కాబట్టి ప్రిపరేషన్ అంటే బట్టీ పట్టడం కాదు. రోజూ ఇంట్లో అమ్మమ్మతోనో తాతయ్యతోనో పావుగంట ఇంగ్లీషు మాట కలపకుండా మాట్లాడండి, పెళ్ళి ఎలా జరిగిందో, దాళ్వా ఎప్పుడు ఊడుస్తారో, రొయ్యల చెరువుల వల్ల లాభమా నష్టమా, ఏదో ఒకటి. దాన్ని ఫోన్లో రికార్డు చేసి వినండి. మన గోదారి యాస గురించి భయం వద్దు, ఆయ్, అలాగేనండి అన్నా మార్కులు తగ్గవు, అయితే పెద్దవాళ్ళతో మాట్లాడినట్టు మీరు, అండి పెట్టి మాట్లాడటం మర్యాద. రాసే భాగం ఉన్న పరీక్ష అయితే తెలుగు టైపింగ్ వారం ముందే అలవాటు చేసుకోండి, వాట్సాప్‌లో మనమంతా తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్ళమే, పరీక్షలో గడియారం నడుస్తుంటే ఒత్తులు, సున్నాలు ఎక్కడున్నాయో వెతుక్కోవాల్సి వస్తుంది. విండోస్‌లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంటుంది, పెట్టుకుని రోజూ ఒక పేజీ కొట్టండి.

తెలుగు ఒప్పుకోని చోటుంటే హిందీ చూడండి. పది దాకా మనలో చాలామంది చదివిందే, అమెరికాలో తెలుగు కన్నా హిందీ నేర్పే యూనివర్సిటీలు చాలా ఎక్కువ. ఇక్కడ ప్లేస్‌మెంట్ టెస్ట్ మామూలు రకంగా ఉంటుంది, చదివి జవాబు గుర్తించడం, విని గుర్తించడం, కొంచెం రాయడం. సినిమాలు చూసి అర్థమవుతుంది కదా అనుకుంటే సరిపోదు, మేరా మేరీ, కా కీ దగ్గర మనవాళ్ళు అందరూ పడతారు, వస్తువులకి ఆడా మగా మన భాషలో లేదు కాబట్టి. పదో క్లాసు పుస్తకం తీసి పది రోజులు అక్షరాలు, లింగాలు, కర్త పక్కన వచ్చే ఆ ‘నే’ ఒక్కటి చూసుకుని వెళ్తే ఒకటి రెండు సెమిస్టర్లు దాటేసే అవకాశం ఉంది. ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్ వచ్చినవాళ్ళకి వెబ్‌కేప్ లాంటి ఆన్‌లైన్ టెస్టులుంటాయి, సరైన జవాబు ఇస్తే తర్వాతి ప్రశ్న కష్టమవుతుంది, తప్పు ఇస్తే తేలికవుతుంది. ఈ మూడు భాషలకే క్లెప్ పరీక్ష ఉంది, అది రాస్తే చాలా కాలేజీలు క్రెడిట్లు, అంటే డిగ్రీ పూర్తవడానికి కోర్సుకి ఇన్ని అని కూడబెట్టుకునే పాయింట్లు, కూడా ఇస్తాయి. యానాం వైపు నుంచి ఫ్రెంచ్ చదివి వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే మీరు ఇది తప్పకుండా చూసుకోండి.

క్రెడిట్‌కీ వేవర్‌కీ తేడా తెలుసుకోవాలి. వేవర్ అంటే ఆ కోర్సులు చెయ్యక్కర్లేదని మాత్రమే, డిగ్రీకి మామూలుగా కావాల్సిన 120 క్రెడిట్లు అలాగే ఉంటాయి, ఆ ఖాళీలో మీకు నచ్చిన సబ్జెక్టు పెట్టుకుంటారు. కొన్ని యూనివర్సిటీలు ప్లేస్‌మెంట్‌లో పై క్లాసు వచ్చి, ఆ క్లాసు మంచి గ్రేడ్‌తో పూర్తి చేస్తే కింది క్లాసుల క్రెడిట్లు కూడా వెనక్కి కలుపుతాయి. వీసా రూలు ప్రకారం ఎఫ్ 1 స్టూడెంట్ వీసా మీద బ్యాచిలర్స్ చేసేవాళ్ళు సెమిస్టర్‌కి 12 క్రెడిట్లకి తగ్గకూడదు, అది గుర్తుపెట్టుకుని ప్లాన్ చేసుకోండి.

ఇంకో మాట మనసారా చెప్తున్నాను. వచ్చిన భాషని రానట్టు నటించి 101లో కూర్చుంటే తేలిగ్గా A గ్రేడ్ వస్తుంది కదా అనే ఆలోచన పెట్టుకోకండి, టీచరు మొదటి వారంలోనే పట్టేస్తారు, క్లాసు మార్చేస్తారు, చాలాచోట్ల దాన్ని నిజాయితీ లేని పనిగా చూస్తారు. అలాగే ఇంట్లో కూర్చుని రాసే టెస్టే కదా అని గూగుల్ ట్రాన్స్‌లేట్ పెట్టి రాస్తే పై క్లాసులో పడతారు, అక్కడ మొదటి రోజు నుంచి ఏమీ అర్థం కాదు. అసలు ఏ భాషా కుదరక కొత్తగా స్పానిష్ మొదలెట్టాలంటే మొదటి సెమిస్టర్‌లోనే మొదలెట్టండి, మధ్యలో గ్యాప్ ఇవ్వకండి.

టెస్టులు ఎక్కువగా ఓరియంటేషన్ ముందు, వేసవిలో ఆన్‌లైన్లో ఉంటాయి. డెడ్‌లైన్ రాత్రి పన్నెండు అంటే అది వాళ్ళ రాత్రి, న్యూయార్క్ టైము అయితే వేసవిలో మనకి మర్నాడు పొద్దున్న తొమ్మిదిన్నర. ఆఖరి గంట దాకా ఆగకండి, మన ఊళ్ళల్లో గాలివాన వస్తే కరెంటు పోతుంది, నెట్ పోతుంది, రెండోసారి రాయనిస్తారన్న నమ్మకం లేదు. హెడ్‌సెట్ మైకు పనిచేస్తోందో లేదో ముందురోజే చూసుకోండి. రిజల్ట్ వచ్చాక ఆ మెయిల్ దాచుకుని రెండు వారాల తర్వాత డిగ్రీ ఆడిట్ తెరవండి, లాంగ్వేజ్ గడి ఇంకా ఖాళీగా ఉంటే అడ్వైజర్‌కి కాగితాలు జత చేసి మెయిల్ పెట్టండి, అక్కడ పూర్తయినట్టు కనపడేదాకా పెడుతూనే ఉండండి.