వరి మడిలో మీథేన్ కొలవడం: చాంబర్ తయారీ నుంచి సీజన్ లెక్క దాకా

నీరు నిలిచిన వరి మడిలో నేలకు గాలి అందదు. దమ్ములో కలిసిపోయిన గడ్డి, మోళ్లు, వేర్ల నుంచి ఊరే సేంద్రియ పదార్థం ఆ బురదలో కుళ్లి చివరికి మీథేన్‌గా మారతాయి. అందులో చాలా భాగం, ఒక్కోసారి 90 శాతం దాకా, వరి మొక్కలోని గాలి గొట్టాల గుండానే బయటికి వస్తుంది. బుడగలుగా వచ్చేది తక్కువ. అందుకే కొలిచే పెట్టెలో, అంటే చాంబర్‌లో, నీటితో పాటు మొక్క కూడా నిలువునా పట్టాలి. మొక్కను వదిలేసి వరసల మధ్య నీటి మీద చిన్న డబ్బా బోర్లిస్తే వచ్చే అంకె ఎందుకూ పనికిరాదు.

వాతావరణాన్ని వేడెక్కించే మీథేన్‌ను తగ్గించినందుకు ఇచ్చే కార్బన్ క్రెడిట్ల కోసం రైతులతో ఆరుతడి పద్ధతి (మడిని మధ్యమధ్యలో ఆరనిచ్చి మళ్లీ నీరు పెట్టడం) పెట్టించే ప్రాజెక్టులు తెలుగు రాష్ట్రాల్లోనూ వచ్చాయి. ఎంత మీథేన్ తగ్గిందో చెప్పే అంకె మీద రైతుకు వచ్చే డబ్బు ఆధారపడినప్పుడు, ఆ అంకె మన నేలల్లో, మన రకాల మీద, మన నీటి యాజమాన్యంలో కొలిచినదై ఉండాలి. ల్యాబ్‌లో యంత్రం ఎంత మంచిదైనా, మడిలో గ్యాస్ నమూనా తీసే అరగంట సరిగ్గా జరగకపోతే దాన్ని తర్వాత ఎవరూ సరిదిద్దలేరు. కాబట్టి ఇక్కడ ఎక్కువ మాట మడి గురించే.

మడులు, గట్లు

ఎప్పుడూ నీరు నిలిపే మడి, ఆరుతడి మడి పక్కపక్కనే ఉంటాయి. మధ్యలో ఒక్క మట్టి గట్టే ఉంటే నీరు దాని కిందుగా ఊరుతుంది. ఆరాల్సిన మడి ఆరదు, రెండు పద్ధతుల మధ్య తేడా కనిపించకుండా పోతుంది. రెండు గట్లు వేసి మధ్యలో చిన్న కాలువ వదలండి. గట్టు లోపల మందపాటి పాలిథీన్ షీటును 30–40 సెంటీమీటర్ల లోతు దాకా దింపండి. ప్రతి పద్ధతికీ కనీసం మూడు మడులు, లాటరీ పద్ధతిలో కేటాయించినవి, ఉండాలి. ఒకే మడిలో మూడు చాంబర్లు పెట్టి మూడు రెప్లికేషన్లని (వేర్వేరు మడుల్లో చేసిన పునరావృతాలని) రాస్తే కుదరదు.

ఆరుతడి మడిలో నీటిమట్టం చూడటానికి 30 సెంటీమీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న పీవీసీ గొట్టం చాలు. కింది 20 సెంటీమీటర్లకు చుట్టూ రంధ్రాలు చేసి ఆ మేరకు నేలలో దింపి, లోపలి మట్టి తీసేయాలి. గొట్టంలో నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్లు దిగువకు పోగానే మళ్లీ 5 సెంటీమీటర్ల నీరు పెట్టాలి. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మాత్రం ఆరబెట్టకూడదు, తాలు గింజలు పెరుగుతాయి.

చాంబర్

20 × 15 సెంటీమీటర్ల ఎడంలో నాటితే చదరపు మీటరుకు 33 కుదుళ్లు. చాంబర్ కింద నేలలో దింపే 40 × 60 సెంటీమీటర్ల బేస్ ఫ్రేమ్‌లో సరిగ్గా 8 కుదుళ్లు పడతాయి. కూలీలు అడ్డదిడ్డంగా నాటిన మడిలో ముందు నాలుగైదు చోట్ల చదరపు మీటరుకు ఎన్ని కుదుళ్లున్నాయో లెక్కపెట్టండి. ఆ సగటుకు తగినన్ని కుదుళ్లు లోపల పడే చోటే ఫ్రేమ్ దింపండి. సుడిదోమ కోసం వదిలిన కాలిబాట ఫ్రేమ్ లోపలికి రాకూడదు. గట్టుకు కనీసం మీటరు ఎడం ఉంచండి.

ఫ్రేమ్‌ను స్టెయిన్‌లెస్ స్టీల్‌తో గానీ అల్యూమినియంతో గానీ చేయించండి. మామూలు ఇనుము సీజన్ తిరిగేసరికి తుప్పుపట్టి కారుతుంది. పైఅంచు చుట్టూ 3 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల లోతు గాడి ఉండాలి. ఈ గాడిలో పోసిన నీళ్లే చాంబర్‌కు సీలు. ఫ్రేమ్ నేలలోకి 10–15 సెంటీమీటర్లు దిగాలి. నీటిమట్టం దగ్గర పక్కలకు రెండు రంధ్రాలు పెట్టించి రబ్బరు బిరడాలు ఇవ్వండి. మామూలు రోజుల్లో తెరిచి ఉంచితే లోపలా బయటా నీరు ఒక్కటిగా ఉంటుంది, కొలిచేటప్పుడు మూసేయాలి. ఆ రంధ్రాలు లేకపోతే మడి ఆరినా ఫ్రేమ్ లోపల నీరు నిలిచే ఉంటుంది, మీరు కొలిచేది ఆరుతడి కాకుండా పోతుంది. నాటిన వెంటనే దింపి కోతల దాకా కదపకండి. కొత్తగా దింపాక కనీసం ఒక రోజు ఆగి గానీ మొదటి నమూనా తీయకూడదు.

పైపెట్టెకు 5 మిల్లీమీటర్ల అక్రిలిక్ షీటు సరిపోతుంది. పొట్టి రకాలకు ఒక మీటరు ఎత్తు చాలు. ఎత్తు పెరిగే రకాలకు మధ్యలో పెట్టే రెండో అంతస్తు చేయించండి, ఆకులు వంగి గాడిలో ఇరుక్కుంటే సీలు పోతుంది. లోపల 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాను, థర్మామీటరు, పైన సూది గుచ్చి నమూనా తీసే రబ్బరు బిళ్ల (సెప్టం), ఒత్తిడి సరిచేసే ఒక లీటరు గ్యాస్ బ్యాగు, మూతలో బిరడా పెట్టే రంధ్రం ఉండాలి. అక్రిలిక్ అతుకులకు చాలాచోట్ల క్లోరోఫాం వాడతారు. మీథేన్‌తో పాటు కొలిచే మరో వేడెక్కించే వాయువు నైట్రస్ ఆక్సైడ్; దాన్ని ల్యాబ్‌లో పసిగట్టే ఈసీడీ డిటెక్టరు క్లోరిన్ ఉన్న ఆవిర్లకు విపరీతంగా స్పందిస్తుంది, కాబట్టి కొత్త పెట్టెలను కొన్ని రోజులు ఎండకూ గాలికీ వదలండి. వాడే ముందు నీళ్ల ట్రేలో నిలబెట్టి, లోపలికి కొంత స్టాండర్డ్ గ్యాస్ ఎక్కించి అరగంట చూడండి. గాఢత నిలకడగా ఉంటేనే అది చాంబర్. ఈ పరీక్షను సీజన్ మధ్యలో మరోసారి చేయడం మంచిది, ఎండకు అతుకులు విచ్చుకుంటాయి.

ఇక నడక పలక. కొలతలు ఎక్కువగా చెడేది ఇక్కడే. బురదలో అడుగు పడితే నేలలో చిక్కుకున్న బుడగలు ఒక్కసారిగా లేచి చాంబర్‌లోకి వస్తాయి. నాట్లు పడిన వెంటనే సరుగుడు కర్రలు పాతి, గట్టు నుంచి ఫ్రేమ్ దాకా చెక్క పలకలు వేయండి. కర్రలు ఫ్రేమ్‌కు మరీ దగ్గరగా ఉండకూడదు. కాలిబాటలోంచి నడిస్తే చాలదా అని అడుగుతారు. చాలదు, అక్కడా నేల అదే.

నమూనా తీసే రోజు

ఉదయం 9 నుంచి 11 మధ్య తీయండి. ఆ వేళ నేల ఉష్ణోగ్రత రోజు మొత్తం సగటుకు దగ్గరగా ఉంటుంది, ఆ గంట విలువను 24తో గుణిస్తే పెద్ద తప్పు రాదు. మధ్యాహ్నం తీస్తే లెక్క ఎక్కువ వస్తుంది. ఒక పద్ధతి మడులన్నీ ముందు, రెండోవి తర్వాత అని కాకుండా, ప్రతి బ్లాకులో రెండు పద్ధతులనూ వెంటవెంటనే తీయండి. లేకపోతే ఎండ తేడా పద్ధతి తేడాగా కనిపిస్తుంది.

గాడి నిండా నీళ్లు పోయాలి. ఆరిన మడిలో నీళ్లుండవు, డబ్బాతో తీసుకెళ్లండి. మూతలోని బిరడా తీసి ఉంచి పెట్టెను మెల్లగా దింపండి. బిరడా పెట్టి దింపితే లోపలి గాలి ఒత్తిడి నేలను నొక్కుతుంది. దిగాక బిరడా బిగించి, ఫ్యాను వేసి, టైమర్ మొదలుపెట్టండి. 0, 10, 20, 30 నిమిషాలకు నాలుగు నమూనాలు. రెండే తీసి తేడా చూస్తే అందులో ఏది చెడిందో తెలుసుకునే దారి ఉండదు. అరగంట దాటితే లోపల వేడెక్కి మొక్క, నేల రెండూ మామూలుగా ఉండవు.

50 మిల్లీలీటర్ల సిరంజికి త్రీవే స్టాప్‌కాక్ (మూడు దారుల చిన్న కుళాయి) బిగించి, రెండు మూడు సార్లు లాగి వదిలి, అప్పుడు నమూనా నింపండి. ప్లాస్టిక్ సిరంజిలో గ్యాస్ నిలవదు. అక్కడికక్కడే, ముందుగా ల్యాబ్‌లో గాలి తీసేసిన 12 మిల్లీలీటర్ల గాజు వయల్‌లోకి (చిన్న సీసాలోకి) 20 మిల్లీలీటర్లు ఎక్కించండి. లోపల ఒత్తిడి ఎక్కువుంటే, చిన్న లీకు ఉన్నా బయటి గాలి లోపలికి రాదు. సన్న సూది వాడండి, లావు సూది సెప్టాన్ని తొలిచేస్తుంది. ప్రతిసారీ తెలిసిన గాఢత ఉన్న స్టాండర్డ్ గ్యాస్ నింపిన రెండు వయల్స్‌ను కూడా పొలానికి తీసుకెళ్లి తిరిగి తెండి. అవి మారాయంటే మీ నమూనాలూ మారినట్టే.

ప్రతి చాంబర్‌కూ లోపలి ఉష్ణోగ్రత, 5 సెంటీమీటర్ల లోతులో నేల ఉష్ణోగ్రత, నీటి ఉపరితలం నుంచి పెట్టె పైకప్పు దాకా ఎత్తు రాసుకోవాలి. ఆ ఎత్తును ప్రతిసారీ కొలవాల్సిందే. 5 సెంటీమీటర్ల నీరు తగ్గితే ఫలితం కూడా సుమారు 5 శాతం మారుతుంది.

ఏ రోజుల్లో తీయాలి

నీరు నిలిచి ఉన్నంతకాలం వారానికి ఒకసారి చాలు. యూరియా వేసిన తర్వాత 1, 3, 5, 7 రోజుల్లో తీయండి, నైట్రస్ ఆక్సైడ్ ఆ కొద్ది రోజుల్లోనే లేస్తుంది. ఆరబెట్టడం మొదలైనప్పటి నుంచి మళ్లీ నీరు పెట్టేదాకా వీలైతే రోజూ తీయాలి. కోతకు ముందు నీరు తీసేశాక పని అయిపోయిందని చాంబర్లు ఎత్తేయకండి. బురదలో ఇరుక్కున్న మీథేన్ నేల పగుళ్లిచ్చేటప్పుడు ఒక్కసారిగా వదులుతుంది, దాన్ని వదిలేస్తే ఎప్పుడూ నీరు పెట్టిన మడి లెక్క తక్కువగా కనిపిస్తుంది.

గడ్డి ఎప్పుడు, ఎంత కలిపారో కూడా రాయండి. సార్వా కోతల గడ్డిని దాళ్వా దమ్ములో నెల లోపే తొక్కేస్తే మీథేన్ బాగా పెరుగుతుంది. అదే గడ్డి ముందుగా కలిసి గాలి తగిలి చివికితే అంత రాదు.

ల్యాబ్, లెక్క

వాయువులను విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్ యంత్రంలో మీథేన్‌కు ఎఫ్‌ఐడీ అనే డిటెక్టరు, నైట్రస్ ఆక్సైడ్‌కు ఈసీడీ. పది నమూనాలకోసారి స్టాండర్డ్ నడిపి యంత్రం రీడింగ్ పక్కకు జరిగిందేమో చూడండి. బయటి గాలిలో మీథేన్ ఇప్పుడు సుమారు 1.9 పీపీఎం (పది లక్షల భాగాల్లో 1.9), నైట్రస్ ఆక్సైడ్ 0.33 పీపీఎం పైన. 0 నిమిషాల నమూనా దీనికి దగ్గరగా ఉండాలి. మొదటిదే 8 పీపీఎం ఉంటే ఎవరో బురద కదిపారు. మధ్యలో ఒక్కసారిగా ఎగిరితే బుడగ, చివర్లో పడిపోతే లీకు. ఇలాంటి చాంబర్‌ను ఆ రోజుకు పక్కన పెట్టండి, ఒక్క బిందువు తీసేసి గీత చక్కదిద్దకండి.

నాలుగు బిందువుల మీద సరళరేఖ గీసి వాలు తీసుకోండి. తర్వాత ఫ్లక్స్, అంటే చదరపు మీటరు నుంచి గంటకు వెలువడే గ్యాస్, ఇలా లెక్కించండి:

ఫ్లక్స్ = వాలు × ఎత్తు × సాంద్రత × 273 ÷ (273 + చాంబర్ ఉష్ణోగ్రత)

ఉదాహరణకు నమూనాలు 2.0, 3.4, 4.7, 6.2 పీపీఎం అనుకుందాం. వాలు నిమిషానికి 0.139, గంటకు 8.34 పీపీఎం. ఎత్తు 0.9 మీటరు. మీథేన్ సాంద్రత 0 డిగ్రీల వద్ద ఘనపు మీటరుకు 0.716 కిలోలు, పీపీఎంతో గుణించినప్పుడు ఫలితం నేరుగా మిల్లీగ్రాముల్లో వస్తుంది. చాంబర్‌లో 32 డిగ్రీలు. 8.34 × 0.9 × 0.716 × 0.895 = చదరపు మీటరుకు గంటకు 4.8 మిల్లీగ్రాములు. రోజుకు 115 మిల్లీగ్రాములు, అంటే హెక్టారుకు 1.15 కిలోలు.

రెండు కొలత రోజుల విలువల సగటును మధ్య రోజులతో గుణించి, అన్నీ కూడితే సీజన్ మొత్తం వస్తుంది. దక్షిణాసియాకు ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘం) 2019లో ఇచ్చిన సగటు హెక్టారుకు రోజుకు 0.85 కిలోలు. అది ఎప్పుడూ నీరు నిలిచి, సేంద్రియ ఎరువు వేయని మడికి. సాగులో పలుమార్లు ఆరబెడితే దాన్ని 0.55తో గుణించమంటుంది. మీ విలువ దీనికి రెండు మూడింతలు ఉండొచ్చు, గడ్డి తొక్కిన మడిలో అది మామూలే. ఇరవై రెట్లు వస్తే మాత్రం ముందు యూనిట్లు వెతకండి, తర్వాత నడక పలక చూడండి.

ఆరుతడిలో మీథేన్ తగ్గినా నైట్రస్ ఆక్సైడ్ పెరుగుతుంది. రెండింటినీ కార్బన్ డయాక్సైడ్ సమానంగా మార్చి కూడాలి. ఐపీసీసీ ఆరో నివేదిక ప్రకారం, వంద ఏళ్లలో ఒక కిలో మీథేన్ 27 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు, ఒక కిలో నైట్రస్ ఆక్సైడ్ 273 కిలోలకు సమానం. హెక్టారుకు 40 కిలోల మీథేన్ తగ్గితే 1,080 కిలోల లాభం, ఒక కిలో నైట్రస్ ఆక్సైడ్ పెరిగితే 273 కిలోలు తీసేయాలి, మిగిలేది 807. నైట్రస్ ఆక్సైడ్ విలువలను చాలామంది అందులోని నత్రజని బరువుగా రాస్తారు. అలాంటి అంకెను 273తో గుణించే ముందు 44/28తో, అంటే 1.57తో, గుణించాలి. అది మరిచిపోతే నైట్రస్ ఆక్సైడ్ నష్టం మూడో వంతుకు పైగా లెక్కలోంచి జారిపోతుంది.