తిన్నావా? తిన్నాను. తర్వాత?

సమస్య: రోజూ ఫోన్ మాట్లాడుకుంటున్నా మనిషి దూరమైపోయినట్టుంటోంది

మా పలాస వైపు చాలా ఇళ్లలో మగవాళ్లు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో పనులకుంటారు. రాత్రి తొమ్మిదయ్యేసరికి ఫోన్ మోగుతుంది.

"తిన్నావేటి?"

"తిన్నాను. నువ్వు?"

"ఆఁ. డబ్బులు పడ్డాయా?"

"పడ్డాయి."

"గుంటడు బడికెళ్తన్నాడా?"

"ఎళ్తన్నాడు."

"మరి ఉంటాను."

నిమిషం పట్టదు. ఆ తర్వాత ఇటు ఆవిడకీ నిద్ర పట్టదు, అటు ఆయనకీ పట్టదు.

కారణం ప్రేమ లేక కాదు. మేస్త్రీ రెండు వారాలుగా కూలి ఇవ్వలేదని ఆయన దాస్తాడు. అత్తగారితో మాటామాటా పెరిగిందని ఆవిడ దాస్తుంది. చెబితే అవతలివాళ్లు బెంగ పెట్టుకుంటారని ఇద్దరి భయం. కష్టం కనబడకపోయేసరికి "ఆయనకేం, పట్నంలో ఉన్నాడు" అని ఇక్కడ, "దానికేం, ఇంటిపట్టున ఉంది" అని అక్కడ మొదలవుతుంది.

ఏం చేయాలంటే, ఆ లెక్కల ప్రశ్నల్లో ఒకటి తీసేసి "ఈవేళ నీకు చిరాకేసింది దేనికి?" అని అడగండి. మొదటి వారం "ఏటీ లేదు" అనే జవాబే వస్తుంది. అప్పుడు ముందు మీది చెప్పండి, చిన్నదే. నాకు తెలిసిన ఒకావిడ జీడిపిక్కల పనికెళ్తుంది. జీడి అంటుకుని వేళ్లు మండుతుంటే ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఆ మాటే చెప్పింది. "అయితే పని మానెయ్" అన్నాడాయన. ఆవిడ నోరు మూతపడింది. మర్నాడు ఆయనే మళ్లీ చేసి "ఎన్నాళ్లనుంచి మండుతున్నాయి?" అని అడిగాడు. ఆ రాత్రి ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నారట. సలహా మాటను తెంపేస్తుంది, ప్రశ్న సాగదీస్తుంది. వీడియో కాల్ అక్కర్లేదు. అందులో ఎవరి జుట్టు వాళ్లు చూసుకోవడమే ఎక్కువ.

సమస్య: ఇంటినిండా జనం, అయినా ఒంటరితనం

తలనొప్పి, గుండె బరువు, గ్యాస్. పరీక్షలన్నీ బాగానే ఉంటాయి. మనవాళ్లు "ఒంట్లో బాగోలేదు" అంటారుగానీ "మనసు బాగోలేదు" అనరు. నలుగురున్నా మనసు విప్పడానికి ఒక్కరు లేకపోవడం చాలాసార్లు అసలు కారణం. లండన్‌లోని కాంబర్‌వెల్ ఆడవాళ్ల మీద చేసిన పరిశోధన 1978లో పుస్తకంగా వచ్చింది. పెద్ద కష్టం వచ్చినప్పుడు, చెప్పుకోవడానికి దగ్గరి మనిషి లేనివాళ్లే ఎక్కువగా డిప్రెషన్‌లోకి వెళ్లారని అందులో తేలింది.

అక్కో, తోటికోడలో, చిన్ననాటి నేస్తమో, ఒక్కరు చాలు. ముందు చిన్న సంగతి చెప్పి పది రోజులు ఆగండి. అది కుళాయి దగ్గర మీకే తిరిగి వినిపిస్తే మనిషిని మార్చండి!

సమస్య: పండక్కొచ్చిన మనిషి మూడో రోజుకే చిరాకుపడుతున్నాడు

విజయనగరం సిరిమాను చూద్దామని ఆశగా వస్తాడు. తీరా వస్తే ఇల్లు తను లేకుండానే నడుస్తోంది: గ్యాస్ బండ, చీటీ డబ్బు, పిల్లల ఫీజు అన్నీ ఆవిడే చూసుకుంటోంది. చుట్టంలా అనిపిస్తుంది. ఆ ఉక్రోషం కూర మీద చూపిస్తాడు. ఆవిడ పెత్తనం లాక్కోకుండా, బడికి వెళ్లి మాస్టారితో మాట్లాడి రావడం లాంటి ఒక పని ఆయనకు పూర్తిగా అప్పజెప్పండి.

సమస్య: గొడవ ఆగదు

గొడవ ఒంటికీ తగులుతుంది. 2005లో అమెరికాలోని ఒహాయో పరిశోధకులు 42 జంటల చేతుల మీద చిన్న బొబ్బలు చేసి చూశారు. ఎక్కువ విరోధంగా మాట్లాడుకునే జంటల్లో అవి మానే వేగం, తక్కువ విరోధం ఉన్న జంటలతో పోలిస్తే 60 శాతమే. అంచేత గొంతు లేస్తున్నప్పుడు అరగంట బయటికెళ్లండి, కానీ "వచ్చి మాట్లాడతాను" అని చెప్పి వెళ్లండి. చెప్పకుండా వెళ్తే అదింకో గొడవ.

ఇవేవీ పనిచేయని చోట

కొట్టే మనిషితో సర్దుకుపొమ్మని నేను చెప్పను. మహిళల హెల్ప్‌లైన్ 181. రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి, దేనిమీదా ఆసక్తి లేకపోతే డాక్టర్‌కు చూపించాలి, దగ్గరివాళ్ల ఓదార్పు ఒక్కటే సరిపోదు. చచ్చిపోవాలనిపిస్తే ఆ రెండు వారాలూ ఆగకూడదు. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఏ వేళైనా చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. నంబరు నొక్కడానికి చేయి రాకపోతే పక్కనున్నవాళ్లు కలిపి ఫోన్ చేతికివ్వండి.