పాత ఫొటోను తిరిగి చదవడం – 3వ పాఠం: ట్రేసింగ్ కాగితం, నీలం పొర

పాత ఫొటోను ఊళ్ళో పెద్దలకు చూపించి, అందులో ఏముందో వాళ్ళ మాటల్లో తెలుసుకోవడం మన పని. అందుకే కిందటి పాఠంలో ఆ ఫొటోను ఏ4 మ్యాట్ (మెరుపు లేని) కాగితం మీద ప్రింటు తీశాం. నిగనిగలాడే కాగితమైతే ట్యూబులైటు మెరుపు పడి, చూపు మందగించిన పెద్దలకు మొహాలు కనపడవు.

దక్షిణ భారత కులాలు, తెగల మీద బ్రిటిష్ అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో వేసిన ఏడు సంపుటాల్లో చాలా బొమ్మల కింద కులం పేరే ఉంటుంది, మనిషి పేరుండదు. ఆ రాతను వెనక్కి మడిచేయండి. అది ముందే కంటబడితే పెద్దలు ఫొటోను వదిలేసి ఆ రాతకే జవాబు చెబుతారు. బాపట్ల దాటాక వచ్చే స్టూవర్టుపురం లాంటి ఊళ్ళలో ఇంకా జాగ్రత్త అవసరం. కొన్ని తెగలకు పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసిన బ్రిటిష్ కాలపు నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి ఉంచిన సెటిల్‌మెంటు అది. దేశమంతటా ఆ ముద్ర 1952లో గానీ చట్టంలోంచి పోలేదు. అక్కడ "వీళ్ళెవరు?" అనడం పోలీసు అడిగినట్టే ఉంటుంది. "పెద్దమ్మా, ఈ బుట్ట ఏ అల్లిక?" అని మొదలుపెట్టండి. చేతిపని మీద మాట కలిస్తే మనుషుల సంగతి వాళ్ళే ఎత్తుతారు.

పెద్దలు చెప్పింది గుర్తు పెట్టుకోవడానికి ప్రింటు మీద ట్రేసింగ్ కాగితాన్ని పై అంచున మాత్రమే మాస్కింగ్ టేపుతో అంటించండి, తిరగేయడానికి వీలుంటుంది. 2బి పెన్సిల్ వాడండి, బాల్‌పెన్ను ఒత్తుకి కింది ప్రింటు మీద గాట్లు పడతాయి. చెప్పే పెద్దలు ఒక్కొక్కరికీ ఒక్కో కాగితం. ఇద్దరి మాట కలవకపోతే రెండూ ఉంచండి, ఏదీ చెరపొద్దు.

ఇక రంగులు. ఫోన్ యాప్‌తో మాత్రం వేయించకండి. 19వ శతాబ్దంలో ఫొటోకు వాడిన మామూలు గాజు ప్లేట్లకు నీలం బాగా అందేది, ఎరుపూ పసుపూ దాదాపు అందేవి కావు. అందుకే కుంకుమ బొట్టు నల్లగా పడింది, నీలం బట్ట తెల్లబోయింది. పసుపు రాసుకున్న మొహమైతే ఉన్నదానికంటే నల్లగా వచ్చింది. ఆ నలుపులో కొంత ప్లేటు మీద పూసిన మందుదే, మనిషిది కాదు.

ఇంట్లోనే చూసుకోవచ్చు. ఎర్రంచు పసుపు మంగళగిరి చీరను ఎండలో ఫొటో తీయండి. గింప్ అనే ఉచిత ఫొటో సాఫ్ట్‌వేర్‌లో రంగుల మెనూలోని డీకంపోజ్‌తో ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) పొరలుగా విడదీసి, నీలం పొరొక్కటే ఉంచండి. అంచూ చీరా రెండూ నల్లబడి కలిసిపోతాయి. ఆ ప్రింటు కూడా వెంట తీసుకెళ్ళి చూపించండి. నలుపు వెనక ఏ రంగు ఉండొచ్చో పెద్దలు చెప్పాకే ట్రేసింగ్ మీద రంగు పెన్సిల్ పెట్టండి.

పని అయ్యాక ఆ కాగితాలు వాళ్ళింట్లోనే ఉండాలి. సరేనంటే వాటి ఫొటో తీసుకుని రండి, వచ్చే పాఠానికి అదే చాలు.