పాత కారుకు లేన్ కీప్ అసిస్ట్ పెట్టించే ముందు జాగ్రత్తలు

లేన్ కీప్ అసిస్ట్ అంటే రోడ్డు గీతలను కెమెరాతో చూస్తూ, బండి వరుస తప్పితే స్టీరింగ్‌ను సరిచేసే సదుపాయం. సంక్రాంతి ప్రయాణాల లోపు దీన్ని బిగించుకోదలచిన గోదావరి డెల్టావాసులు ముందుగా ఇవి చూసుకోవాలి.

- కారుకు ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ ఉందో లేదో డబ్బు కట్టకముందే తేల్చుకోండి. పూర్తి హైడ్రాలిక్ (నూనె ఒత్తిడితో పనిచేసే) స్టీరింగ్‌లో చక్రాన్ని తిప్పే మోటారు ఉండదు కనుక, విడిగా అమ్మే కెమెరా పరికరం గీత దాటినప్పుడు హెచ్చరించగలదే తప్ప బండిని తిరిగి వరుసలోకి తేలేదు. ఈ తేడా చెప్పకుండా అమ్మేవారిని నమ్మవద్దు.

- గోదావరి వరదలో మునిగిన బండేమోనని కార్పెట్ ఎత్తి చూడండి. తుప్పు పట్టిన కనెక్టర్ల మీద స్టీరింగ్‌ను ఆధారపరచడం ప్రమాదం.

- ముందు అద్దం మార్చితే దాని వెనక ఉండే కెమెరాను మళ్లీ కాలిబ్రేట్ చేయించండి, అంటే అది సరైన దిశలో చూసేలా సరిచేయించండి.

- మార్పును బీమా కంపెనీకి తెలపండి.

- గీతలు లేని కాలువగట్టు రోడ్లపైనా, ధాన్యం ఆరబోసిన చోటా, పొగమంచులోనూ దీన్ని ఆపేయండి, ఎందుకంటే కెమెరాకు కనిపించే గీతే దీనికి ఆధారం.