బతుకమ్మకు విదేశీ కోడలు వస్తుంటే: పర్యాటక వీసా విషయంలో ముందుజాగ్రత్తలు

హనుమకొండ, కాజీపేట, కరీంనగర్, జగిత్యాల ప్రాంతాల నుంచి అమెరికాకు, జర్మనీకి, ఆస్ట్రేలియాకు, గల్ఫ్ దేశాలకు వెళ్లిన పిల్లల్లో కొందరు అక్కడివారినో, అక్కడ పనిచేస్తున్న మరో దేశంవారినో పెళ్లి చేసుకుంటున్నారు. దసరా సెలవులకు వాళ్లు ఇంటికి వస్తున్నారనగానే ఇంట్లోవాళ్ల ఆలోచన అంతా టికెట్ల మీద, చీరల మీద ఉంటుంది. భారత పాస్‌పోర్టు ఉన్న కొడుకు శంషాబాద్‌లో దిగి నేరుగా ఇంటికి రావచ్చు గానీ, విదేశీ పాస్‌పోర్టు ఉన్న కోడలికి, పెళ్లయి ఎన్నేళ్లు గడిచినా సరే, వీసా గానీ, వీసా అవసరం లేకుండా రావడానికి భారత్ ఇచ్చే ఓసీఐ కార్డు గానీ లేకపోతే అక్కడ విమానమే ఎక్కనివ్వరు. నేపాల్, భూటాన్, మాల్దీవుల వంటి కొద్ది దేశాల పౌరులకు ఈ ఇబ్బంది లేదు. కోడలి గురించి ఇక్కడ చెప్పేదంతా విదేశీ అల్లుడికి కూడా వర్తిస్తుంది.

అన్నిటికన్నా ముందు పండుగ తేదీని పట్టుకుని వెనక్కి లెక్కపెట్టుకోవాలి. 2025లో దసరా అక్టోబరు 2న వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం రావడం వల్ల అది అక్టోబరు 20కి జరిగి, ఎంగిలిపూల బతుకమ్మ అక్టోబరు 10న వస్తోంది. కిందటేడాది ఎప్పుడు దరఖాస్తు చేశామో గుర్తుపెట్టుకుని అదే వారంలో మళ్లీ చేద్దామనుకుంటే లెక్క తప్పుతుంది. భారత ప్రభుత్వం ఇచ్చే పర్యాటక ఈ-వీసాలో 30 రోజులది, ఏడాదిది, ఐదేళ్లది అని మూడు రకాలున్నాయి. 30 రోజుల వీసాకు ప్రయాణానికి 30 రోజుల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు; మిగతా రెండింటికి 120 రోజుల ముందు నుంచి వీలుంటుంది. ఏ రకమైనా కనీసం నాలుగు రోజుల ముందు దరఖాస్తు చేసి తీరాలి. జవాబు సాధారణంగా కొద్ది రోజుల్లోనే వస్తుంది, కానీ ఫొటో సరిగా లేదనో, పాస్‌పోర్టు పేజీ మసకగా ఉందనో తిప్పి పంపితే ఆ నాలుగు రోజులు ఏ మూలకూ చాలవు.

నా మటుకు నేను 30 రోజుల వీసాను ఎవరికీ సిఫారసు చేయను. రుసుము కొంత తక్కువే, నిజమే. కానీ దానిమీద రెండుసార్లకు మించి దేశంలోకి రావడానికి వీలుండదు, దరఖాస్తు గడువు ఇరుకు, పైగా ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేక ప్రయాణం పొడిగించాల్సి వస్తే దిక్కు తోచదు, ఈ-వీసాను పొడిగించరు. సంక్రాంతికో, మరుసటి ఏడు ఇంట్లో మరో శుభకార్యానికో మళ్లీ వచ్చే కోడలికి ఏడాదిది గానీ ఐదేళ్లది గానీ తీసుకోవడమే మేలు. ఒక తేడా మాత్రం గమనించాలి: 30 రోజుల వీసాలో రోజులు భారత్‌లో దిగిన నాటి నుంచి లెక్కకు వస్తాయి, ఏడాది, ఐదేళ్ల వీసాల గడువు మాత్రం అనుమతి మంజూరైన రోజునే మొదలవుతుంది. 30 రోజుల వీసా అనుమతిపత్రం మీద కనిపించే గడువు తేదీ దేశంలోకి ప్రవేశించడానికి ఆఖరి తేదీయే తప్ప తిరిగి వెళ్లాల్సిన తేదీ కాదు. ఇక్కడ పొరపాటుపడి హడావుడిగా టికెట్లు మార్చుకున్నవాళ్లు లేకపోలేదు.

అందరికీ ఈ-వీసా దారి తెరిచి ఉండదు. దరఖాస్తులో తల్లిదండ్రులు గానీ, తాతలు, అమ్మమ్మ, నానమ్మలు గానీ పాకిస్తాన్ పౌరులా, లేక అక్కడ నివసించినవారా అని అడుగుతారు. బ్రిటన్‌లో పుట్టి పెరిగిన కోడలికి తాతగారి పాత పౌరసత్వం గురించి తెలియకపోవచ్చు. ఇంట్లో పెద్దలను అడిగించి కనుక్కోవాలి. అలాంటి మూలాలున్నవారు అక్కడి భారత రాయబార కార్యాలయం ద్వారా మామూలు వీసాకే దరఖాస్తు చేయాలి, దానికి పట్టే కాలం చాలా ఎక్కువ కనుక నెలల ముందే మొదలుపెట్టాలి. దేశాల మధ్య సంబంధాలు కూడా లెక్కలోకి వస్తాయి. 2023 సెప్టెంబరులో కెనడా పౌరులకు భారత్ వీసాలు నిలిపివేసింది, ఈ-వీసా మళ్లీ నవంబరులో గానీ మొదలు కాలేదు. ఆ ఏడాది దసరా సరిగ్గా ఆ మధ్యలోనే వచ్చింది. అందువల్ల కోడలి దేశం పేరు అర్హుల జాబితాలో ఉందో లేదో ప్రతిసారీ కొత్తగా చూసుకోవాలి.

దరఖాస్తు చేసే వెబ్‌సైటు విషయంలో ఎంత జాగ్రత్తగా ఉన్నా ఎక్కువ కాదు. గూగుల్‌లో వెతికితే మొదట కనిపించేవి తరచుగా ప్రైవేటు ఏజెంట్ల ప్రకటనలు. అశోకచక్రం రంగులు, జెండా బొమ్మలు పెట్టుకుని ప్రభుత్వ వెబ్‌సైటులాగే కనిపిస్తూ రెట్టింపు, మూడింతలు డబ్బు వసూలు చేసేవి వాటిలో ఉన్నాయి. అసలు వెబ్‌సైటు ఒక్కటే, ఇండియన్‌వీసాఆన్‌లైన్.గవ్.ఇన్, చివర గవ్.ఇన్ లేనిదేదైనా వెంటనే మూసేయాలి. కట్టిన రుసుము వీసా తిరస్కరించినా, ప్రయాణం మానుకున్నా తిరిగి రాదు.

ఇక దరఖాస్తు నింపడం. ఎక్కువ చిక్కులు వచ్చేది ఇక్కడే, అందులోనూ పేర్ల దగ్గరే. మన అలవాటు ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. కోడలి పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒక గడి, సొంత పేరుకు ఒక గడి విడివిడిగా ఉంటాయి, మధ్య పేరు ఉంటే అది సొంత పేరు గడిలోనే ఉంటుంది. ఆ గడుల్లో ఏముందో అక్షరం పొల్లుపోకుండా అదే దించాలి. ఇంట్లో అందరూ పిలిచే పేరు, పెళ్లి పత్రికలో అచ్చువేయించిన పేరు, పెళ్లి తర్వాత మన ఇంటిపేరు చేర్చి పిలుచుకుంటున్న పేరు, ఇవేవీ దరఖాస్తులో పనికిరావు. పాస్‌పోర్టులో ఇంకా పుట్టింటి పేరే ఉంటే దరఖాస్తులోనూ, విమాన టికెట్‌లోనూ అదే ఉండాలి. పెళ్లయ్యాక పాస్‌పోర్టులో పేరు మార్చుకుని ఉంటే, ఎప్పుడైనా పేరు మార్చుకున్నారా అని అడిగే చోట అవునని చెప్పి పాత పేరు రాయాలి. భర్త పేరు రాసే చోట మరో తిరకాసు ఉంది. మన పిల్లల పాస్‌పోర్టుల్లో కొన్నింటిలో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు సొంత పేరు గడిలోనే ఉంటుంది. మరికొన్నింటిలో టెన్త్ మెమోలో ఉన్న పొడి అక్షరం విడదీసి రాసి ఉంటుంది. కొడుకు పాస్‌పోర్టు జిరాక్స్ పక్కన పెట్టుకుని అందులో ఎలా ఉంటే అలా రాయాలి తప్ప గుర్తున్నట్టు రాయకూడదు.

తేదీలు రోజు, నెల, సంవత్సరం అనే వరుసలో ఉంటాయి. అమెరికాలో పెరిగిన కోడలికి నెల ముందు రాయడం అలవాటు; మార్చి 4న పుట్టిన అమ్మాయి ఏప్రిల్ 3న పుట్టినట్టు అయిపోతుంది, దరఖాస్తు దాన్ని తప్పుగా పట్టుకోదు కూడా, ఎందుకంటే రెండూ సరైన తేదీలే. పంపిన తర్వాత దిద్దుకోవడానికి వీలుండదు, మళ్లీ డబ్బు కట్టి కొత్తగా చేయాల్సిందే. కనుక ఆఖరి మీట నొక్కేముందు ఆమె చదువుతుంటే భర్త పాస్‌పోర్టు చేతపట్టుకుని ఒక్కొక్క అంకె సరిచూడడం మంచిది. మనం వరంగల్ నుంచి ఫోన్‌లో చెబుతూ నింపించడం కన్నా ఆమే స్వయంగా కంప్యూటర్ ముందు కూర్చుని నింపడం క్షేమం. గత పదేళ్లలో ఏయే దేశాలు తిరిగిందో, ఎప్పుడైనా సైన్యంలో గానీ పోలీసు శాఖలో గానీ పనిచేసిందో మనకేం తెలుస్తుంది? మొదట్లోనే వచ్చే తాత్కాలిక దరఖాస్తు సంఖ్యను రాసిపెట్టుకోకపోతే మధ్యలో కరెంటు పోయినా, నెట్ ఆగినా మొదటికి వస్తుంది.

ఫొటో చదరంగా, తెల్లటి నేపథ్యంతో, కళ్లద్దాలు లేకుండా ఉండాలి. పాస్‌పోర్టు పేజీ పీడీఎఫ్ 300 కేబీ దాటకూడదు, అందుకని ఫోన్‌తో ఫొటో తీసి బలవంతంగా కుదిస్తే అడుగున ఉండే రెండు వరుసల అక్షరాలు అలికినట్టు అయిపోతాయి. స్కానర్ మీద పెట్టి తీయించాలి. పాస్‌పోర్టుకు ప్రయాణం నాటికి కనీసం ఆరు నెలల గడువు, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. వీసా వచ్చిన తర్వాత పాస్‌పోర్టు మారితే పాతదీ, కొత్తదీ రెండూ వెంట ఉండాలి. పసిపిల్లలకైనా వేరే పాస్‌పోర్టు, వేరే వీసా తప్పదు.

భారత్‌లో తెలిసినవారి చిరునామా అడిగే చోట మనవాళ్లు తికమకపడుతున్నారు. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ జిల్లాగా, వరంగల్ రూరల్ జిల్లా వరంగల్ జిల్లాగా మారాయి. పాత ఆధార్‌లో ఒకటి, కరెంటు బిల్లులో మరొకటి ఉంటే ఇంటి ప్రస్తుత జిల్లా పేరు, పిన్‌కోడ్ సరిచూసుకుని ఒకే రకంగా అన్నిచోట్లా వాడాలి. అక్కడ ఇచ్చే ఫోన్ నంబరు ఎత్తి మాట్లాడగలిగినవారిది కావాలి.

ప్రయాణ ఉద్దేశం నిజంగా ఉన్నదే రాయాలి. బంధువులను కలవడం, గుడులూ కోటలూ చూడడం పర్యాటక వీసా పరిధిలోకే వస్తాయి. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక అక్కడ చిత్రీకరణ చేద్దామనుకునే కోడలు గానీ, మేడారం జాతర మీద డాక్యుమెంటరీ తీద్దామనుకునే అల్లుడు గానీ వృత్తిరీత్యా ఆ పనికి వస్తుంటే ఈ వీసా చాలదు. పనిలో పనిగా ఇక్కడ పెళ్లి రిజిస్టర్ చేయిద్దామనుకునే కుటుంబాలు ఇంకొకటి గమనించాలి. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ఇచ్చాక 30 రోజులు ఆగాలి, దంపతులు అంతకుముందే ఆ జిల్లాలో 30 రోజులు నివసించి ఉండాలి. 30 రోజుల వీసాతో వచ్చి ఆ పని ముగించుకుని వెళ్లడం కుదిరేది కాదు. ఓసీఐ కార్డుకు కూడా పెళ్లి నమోదై, రెండేళ్లు పూర్తయి ఉండాలి. దాన్ని నమ్ముకుని పండుగ ప్రయాణం పెట్టుకోకూడదు.

మంజూరు ఇమెయిలు వచ్చినా, వెబ్‌సైటులో మంజూరైనట్టు చూసుకున్న తర్వాతే బయలుదేరాలి. అనుమతిపత్రం ప్రింటు తీసి చేతిసంచిలో పెట్టుకోవాలి. 2025 అక్టోబరు నుంచి విదేశీయులు ఈ-అరైవల్ కార్డు కూడా నింపాలి, అది ఉచితం, రాకకు ముందు మూడు రోజుల్లో నింపుకోవచ్చు. ఢిల్లీ మీదుగానో ముంబై మీదుగానో వస్తే ఇమిగ్రేషన్, వేలిముద్రలు అక్కడే అయిపోతాయి కాబట్టి హైదరాబాద్ విమానానికి మధ్యలో తగినంత వ్యవధి ఉండేలా చూసుకోవాలి.

శంషాబాద్ దాటి ఇంటికి చేరాక అంతా అయిపోయిందనుకుంటారు, కానీ ఆతిథ్యం ఇచ్చేవారి బాధ్యత అప్పుడే మొదలవుతుంది. విదేశీ అతిథి ఇంట దిగిన 24 గంటల్లో ఆ ఇంటివారు ఆన్‌లైన్‌లో ఆమె బస వివరాలు తెలిపే ఫారం-3 (ఇదివరకటి ఫారం-సి) నింపాలి. ఇది హోటళ్లకే అనుకుంటారు గానీ, సొంత ఇళ్లకూ వర్తిస్తుంది, కోడలైనా సరే. ఇంటి యజమాని పేరుతో ముందుగా ఖాతా నమోదు చేసుకుని అనుమతి పొందాలి కనుక ఆ పని ఆమె వచ్చేలోపే ముగించాలి. కరీంనగర్‌లో అమ్మమ్మగారింట్లో రెండు రాత్రులుంటే ఆ ఇంటివారు వేరుగా నింపాలి. హోటల్‌లో దిగితే హోటల్‌వారు చూసుకుంటారు. పోలీసులు ఫోన్ చేసి వివరాలు అడిగితే కంగారు పడాల్సింది ఏమీ లేదు, ఫారం నింపిన రసీదు చూపిస్తే సరిపోతుంది.

వచ్చేదారి చూసుకున్నంత శ్రద్ధగా వెళ్లేదారి చూసుకోవడం లేదు. కొడుకు అమెరికాలో హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉండి, మూడో దేశానికి చెందిన కోడలు భార్యగా హెచ్-4 వీసా మీద ఉంటే, ఆమె వీసా ముద్ర గడువు తీరిపోయిందేమో చూడాలి. 2025 సెప్టెంబరు నుంచి అమెరికా తాత్కాలిక వీసాలకు సొంత దేశంలో గానీ నివాసముంటున్న దేశంలో గానీ ఇంటర్వ్యూకు వెళ్లాలని చెబుతోంది కనుక, భర్తతో పాటు హైదరాబాద్ కాన్సులేట్‌లో ముద్ర వేయించుకుని వెళ్దామనే ఆశ పెట్టుకోకూడదు. గల్ఫ్‌లో ఉండేవారు ఆరు నెలలకు మించి బయట ఉంటే నివాస అనుమతి రద్దయ్యే ప్రమాదముంది.

తిరుగు టికెట్‌ను వీసా ఆఖరి రోజుకు తీసుకోవద్దు; కనీసం నాలుగైదు రోజుల వ్యవధి ఉంచాలి. జ్వరం వచ్చో, విమానం రద్దయ్యో గడువు దాటితే నేరుగా శంషాబాద్ వెళ్లి నిలబడితే ఇమిగ్రేషన్ వద్ద ఆపేస్తారు. గడువు దాటేలా ఉందని తెలియగానే, అది తీరకముందే, ఆసుపత్రి కాగితాలో విమాన సంస్థ పంపిన రద్దు సందేశమో జతచేసి, విదేశీయుల నమోదు కార్యాలయం వారి ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ వెబ్‌సైటులో దేశం విడిచి వెళ్లే అనుమతికి దరఖాస్తు చేయాలి. అది చేతికి వచ్చాకే విమానాశ్రయానికి బయలుదేరాలి.